పెర్ల్ సబ్‌రొటీన్: దోషపరీక్షల కూర్పు

1987లో లారీ వాల్ వెలువరించిన పెర్ల్ భాషయందు, ఒక సబ్‌రొటీన్ పెక్కు దోషములను పరీక్షింపవలసివచ్చినపుడు, ‘ఇఫ్’లో ‘ఇఫ్’ను ఇఱికించుకొనుచు పోక, పరీక్షలనెల్ల ఆరంభముననే వరుసగా నిలిపి, నియమము తప్పినంతనే ‘రిటర్న్ అన్‌లెస్’ చేతనో ‘డై’ చేతనో వెడలిపోవుట ప్రశస్తము. అప్పుడు ముఖ్యకార్యము నిరాటంకముగా సాగును.

నెల్లూరు తీరమున శ్రీహరికోటలో 2001 మార్చి 28న జరిగినది ఇట్టిదే: జీఎస్ఎల్వీ-డీ1 రాకెట్టు యొక్క నాలుగు ద్రవేంధన యంత్రములును ముందుగా వెలుగగా, వానిలో నొకటి తగిన త్రోపు నీయకుండుటను కంప్యూటరు కనిపెట్టి, ఘనేంధన దశ రగులకమునుపే సర్వమును నిలిపివేసెను. రగిలిన ఘనేంధనమును ఆర్పుట దుస్సాధ్యము గనుక పరీక్షయొక్క స్థానమే ప్రాణము. పెర్ల్‌నందును ఫైలును చెఱిపిన పిదప అనుమతిని విచారించుట వ్యర్థము. నియమము తప్పినపుడు కారణము చెప్పక, నిర్వచింపని విలువయగు ‘అన్‌డెఫ్’ను మాత్రము మరలించుట, పలువురు చేయునదే యైనను, లోపమే. సకాలమున నిలిపివేయబడిన ఆ రాకెట్టు అదే యేట ఏప్రిల్ 18న నింగికెగసెను.