తిరుమణి పిల్లల ఆటస్థలము

ఊరి చరిత్ర యనగా కోటలు, శాసనములు, పాళెగాండ్రు అని మనవారి తలంపు. పావగడకు కొండకోట యున్నది గనుక దానిని గూర్చి వ్రాయువారు ఎట్లును వ్రాయుదురు. ఆ తాలూకాలో పిల్లలు ఎక్కడ ఆడుకొనిరని మాత్రము ఎవరును వ్రాయరు. తిరుమణి గ్రామమును బట్టి ఆ సంగతి కొంత మనవి చేయుదును.

పావగడ తాలూకాకు మూడు దిక్కుల ఆంధ్రదేశమే. 1956 నవంబరు 1న రాష్ట్రముల హద్దులు మారినపుడు ఈ తాలూకా మైసూరు రాష్ట్రములోనే నిలిచినది. అందుచేత ఇక్కడి బిడ్డలకు ఇంట తెలుగు, బడిలో కన్నడము. ఆట ఏ భాషలో అందురా? తెలుగులోనే! తొండి చేసినవానిని తిట్టుటకు బడి భాష చాలదు గదా.

ఇది వాన తక్కువైన నేల. జూన్, జులై మాసములలో వేరుశెనగ విత్తుదురు. మనవారు చెనిక్కాయ అందురు. కార్తీకము నాటికి కాయ పీకి, కట్టె వామి వేసిన పిమ్మట మరల వాన పడువరకు చేను బీడే. ఆ ఆరేడు నెలలు బీడే మైదానము. బిళ్లంగోడు, చెడుగుడు, బొంగరములు, పిదప క్రికెట్టు, అన్నియు అక్కడనే. రైతు అడ్డు చెప్పడు. విత్తనము పడిన తరువాత మాత్రము కేక వేయును. సర్వే నంబరు పట్టాదారుది, ఆట ఊరందరిది.

ఆడపిల్లలకు అరుగు మీద అచ్చనగండ్లు, వాకిట తొక్కుడుబిళ్ల. ఈడు వచ్చిన తరువాత అవియును మాన్పించుట వాడుక. ఈ విషయమున మన పెద్దలు న్యాయము చేయలేదని నా అభిప్రాయము. ఎదిగిన మగపిల్లలకు చెక్కభజన యుండెను, నాగలమడిక సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవముండెను.

తరువాత సూర్యశక్తి వచ్చినది. తిరుమణితో కూడ 5 గ్రామముల భూమి, సుమారు 13,000 ఎకరములు, కౌలుకు తీసికొని సోలార్ పార్కు కట్టిరి. 2018 మార్చిలో ప్రారంభోత్సవము జరిగినది. 2019 చివరకు 2,050 మెగావాట్లు పూర్తి అయినవి. భూమిని కొనలేదు, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు కౌలు, రెండేండ్లకొకసారి నూటికి 5 పెంపు. కరవుతో బెంగుళూరు బస్సు ఎక్కిన రైతులకు ఇది చిన్న మేలు కాదు. కాని కౌలు భూమి గలవానికి చెందును. గొర్రెలు మేపుకొనువానికి, బీటిలో ఆడుకొను పిల్లవానికి ఏ పట్టా యున్నది? వారి వాడుక ఏ కాగితములోను లేదు. కంచె పడినపుడు ఆ వాడుక పోయినదని లెక్క వ్రాయుటకు కూడ చోటు లేకపోయెను.

రైల్వే గుమాస్తాను గనుక నాకొక పోలిక తోచుచున్నది. దొరల కాలములో పెద్ద రైల్వే కాలనీలు కట్టినపుడు, క్వార్టర్లతో పాటు ఇన్‌స్టిట్యూటు, ఆటస్థలము ప్లానులోనే గీచిరి. గీచినది గనుక ఆ స్థలము ఎవరైన అడిగినచో చూపుటకు ఒక కాగితముండును. పల్లెలో ఆట పెద్దమనసు మీద నడచినది. అది ఉన్నంతకాలము కాగితము అవసరమని ఎవరికిని తోచలేదు.

మన సంఘములో ఆ ప్రాంతపు కుటుంబములున్న యెడల వారికొక మాట. మొదటి కౌలు ధర ప్రకారము రెండెకరములకు ఏటికి 42,000 రూపాయలు. ఊరి దగ్గర కంచె పడని చేను రెండెకరములు చూచి, పంచాయతీ పేర వ్రాయించి, అందులో కొంత ఆడపిల్లలకని ముందే గీత గీయించినచో బాగుండును. చందా మొదలుపెట్టువారు నా పేరు కూడ వ్రాసికొనవచ్చును.