పరుపు మీద గుమస్తా నుంచి షోరూమ్ అమ్మాయి దాకా

ఇప్పుడు ఏ సంఘం సమావేశంలో కూర్చున్నా ఒక మాట వినబడుతోంది: "మా అమ్మాయి బెజవాడలో బట్టల షోరూమ్‌లో చేస్తోందండి." ఉయ్యూరు, కంకిపాడు, గన్నవరం, మంగళగిరి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు ఎంతమందో. వాళ్ల తల్లులం, అత్తలం, అక్కలం మనమే. అందుకే ఈ ఏడాది సంపుటిలో ఒక చరిత్ర రాసుకుందాం అనుకున్నాం. షాపులో అమ్మే మనిషి ఎలా కనబడాలి అన్నది మన ప్రాంతంలో ఎలా మారుతూ వచ్చింది? ముస్తాబు అనగానే చిన్న విషయంలా ఉంటుంది గానీ, దాని వెనకాల జీతం, ఆరోగ్యం, గౌరవం మూడూ ఉన్నాయి.

పరుపుల కాలం

1855లో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పూర్తయింది. కాలవలు పారాయి, పంట పెరిగింది, తర్వాత రైలు వచ్చింది. బెజవాడ పెద్ద వ్యాపార కేంద్రమైంది. వన్ టౌన్ సందుల్లో బట్టల కొట్లు వెలిశాయి. పాత బట్టల కొట్టు మన పెద్దవాళ్లు చాలామందికి గుర్తే. నేల మీద పరుపు, దాని మీద తెల్లదుప్పటి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. కొనేవాళ్లూ కూర్చునేవాళ్లు, అమ్మేవాడూ కూర్చునేవాడు.

అమ్మేవాడు మగవాడే. గుమస్తా అనేవాళ్లం. తెల్లపంచె, చొక్కా, చెవి మీద పెన్సిలు. చీర చూపించాలంటే పైట తన భుజం మీదే వేసుకుని చూపించేవాడు. అందం గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు. చేతులు శుభ్రంగా ఉండాలి, పట్టుచీరకు చెమట మరక అంటకూడదు, కొలత తప్పకూడదు. అంతే.

ఆడవాళ్లు అమ్మలేదా అంటే, తరతరాలుగా అమ్ముతూనే ఉన్నారు. కాకపోతే కొట్టు లోపల కాదు. గాజుల మలారం మోసుకుని ఇల్లిల్లూ తిరిగారు. బందరు వైపు నుంచి చేపల గంప తెచ్చారు. పాలు, పెరుగు, కూరలు నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగారు. వాళ్లకు యూనిఫాం ఎవరూ ఇవ్వలేదు. నలిగిన చీరైనా కొంగు బిగించి దోపుకుని వచ్చేవాళ్లు. తూకం సరిగ్గా ఉందా, చెప్పిన రోజుకి వచ్చిందా, పుచ్చుది అంటగట్టిందా అన్నదే లెక్క. పనితనం అంటే అదే.

ఖద్దరు కాలం

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని అక్కడ తీర్మానించారు. కట్టే గుడ్డే ఒక మాట చెబుతుందని ఆ రోజుల్లో ఊరూరికీ తెలిసింది.

రెండేళ్లకు, 1923లో, కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీరుగా నిలబడింది. నెహ్రూగారు వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. టికెట్ లేనిదే పంపకూడదని తనకు చెప్పారు కాబట్టి లోపలికి పంపనంది. నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే దారి ఇచ్చింది. నెహ్రూగారు కోప్పడలేదు, ఆ పిల్లను మెచ్చుకున్నారు. ఆ అమ్మాయే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆవిడ కట్టుకున్నది మామూలు ఖద్దరు. గేటు దగ్గర నిలబెట్టినందుకు ఆ పని సరిగ్గా చేసింది. షాపులో పనిచేసే మన పిల్లలకు చెప్పుకోవాల్సిన కథ ఇది.

గాజు తలుపుల కాలం

తర్వాత పరుపులు పోయి కౌంటర్లు వచ్చాయి. బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు, బందరు రోడ్డుల్లో అంతస్తుల షోరూములు లేచాయి. గాజు తలుపులు, ఏసీ, లైట్లు. కొనేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి అమ్మడానికీ ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. తక్కువ జీతానికి ఒప్పుకుంటారన్న లెక్క కూడా అందులో ఉంది. 2014లో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన మొదలయ్యాక, పల్లె పిల్లలకు షాపు పనిలో శిక్షణ కూడా దొరికింది. మంచిదే.

అయితే గుమస్తా చూపించిన చీర ఇప్పుడు అమ్మాయి కట్టుకుని నిలబడాలి. యూనిఫాం చీర, కుచ్చిళ్లకి పిన్నులు, ముడికి నెట్, లిప్‌స్టిక్, చిరునవ్వు. ఇంట్లో వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, ఈ ముస్తాబంతా అయ్యాక బస్సు పట్టుకోవాలి. ఆ గంటకి జీతం లేదు. కొన్నిచోట్ల యూనిఫాం డబ్బు జీతంలోంచే కోస్తారు. పిన్ను ఊడినా, ఆలస్యమైనా జరిమానా.

అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంకోటి ఉంది. పరుపు పోయినప్పుడు కూర్చోవడం కూడా పోయింది. షాపు ఖాళీగా ఉన్నా నిలబడే ఉండాలి, గోడకి ఆనకూడదు. సాయంత్రానికి కాళ్లు వాస్తాయి, పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు తాగడం మానేసే పిల్లలున్నారు.

కూర్చునే హక్కు

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లండులో 1899లోనే చట్టం చేశారు: షాపులో ముగ్గురు ఆడవాళ్లకు కనీసం ఒక కుర్చీ ఉండాలని. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. అది ఫ్యాక్టరీలకు మాత్రమే.

షాపుల సంగతి కేరళ ఆడవాళ్లు తేల్చారు. కోజికోడ్‌లో కుట్టుపని చేసుకునే పి. విజి, 'పెణ్‌కూట్టు' అనే స్త్రీల సంఘం పెట్టి ముందు మరుగుదొడ్డి అడిగారు, తర్వాత కుర్చీ అడిగారు. ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. అక్కడి షాపు పిల్లల కష్టం మీద 2010లో వచ్చిన తమిళ సినిమా 'అంగాడి తెరు' మన దగ్గర 'షాపింగ్ మాల్' పేరుతో ఆడింది. మనలో చాలామంది చూసి కళ్లు తుడుచుకున్నాం.

మనం పట్టుకోవాల్సిన లెక్క

ఈ చరిత్ర చూస్తే మాకు మూడు సంగతులు విడివిడిగా కనబడ్డాయి.

శుభ్రత, మర్యాద, సరుకు గురించి తెలిసి ఉండటం: ఇవి పనిచేసే మనిషి బాధ్యత. ఇందులో రాజీ వద్దు. తిండి సరుకు అమ్మేచోట గోళ్లు తీసుకోవడం, జుట్టు కప్పుకోవడం కొనేవాళ్ల ఆరోగ్యం కోసం.

యూనిఫాం, మేకప్: ఇవి షాపు గొప్ప కోసం. అడిగినవాళ్లే ఖర్చు పెట్టాలి.

రంగు, లావు, సన్నం: ఇవి ఎవరూ అడగకూడనివి.

పిల్లని పనిలో చేర్చే ముందే జీతంతోపాటు ఇవీ అడగండి. యూనిఫాం ఎవరిస్తారు? కూర్చోవడానికి స్టూలు ఉందా? బాత్రూము ఎక్కడ? వారం సెలవు ఏ రోజు? నియామక పత్రం కాగితం మీద ఇస్తారా? వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. 2019 వేతనాల కోడ్ ప్రకారం జరిమానా నెల జీతంలో 3 శాతం దాటకూడదు. వేసేముందు ఆ మనిషి చెప్పేది వినాలి. ఒక్క పిల్ల అడిగితే పని పోతుందేమోనని భయం. పదిమంది తల్లులు సంఘంగా వెళ్లి అడిగితే మాట వేరు. అప్పుల దగ్గరా, బ్యాంకు దగ్గరా మనం నేర్చుకున్నది అదే కదా.

ఇంకోమాట. డ్వాక్రా బజార్లలో మనమూ స్టాళ్లు పెడుతున్నాం. పెడన కలంకారీ, మంగళగిరి చీరలు, పచ్చళ్లు అమ్ముతున్నాం. సాయానికి కూలికి పిల్లల్ని పెట్టుకుంటున్నాం. వచ్చే ఏడాది నుంచి మన ప్రతి స్టాలులో అమ్మే మనిషికి ఒక స్టూలు, ఒక మంచినీళ్ల సీసా ఉండాలని సమాఖ్య తరఫున కోరుతున్నాం. షోరూము యజమానిని అడగబోయే ముందు మన స్టాలు చూసుకుని వెళ్దాం.