స్టీవెనేజి గ్రామస్థుల ఆక్షేపణము

1946వ సంవత్సరము మే నెల 6వ తేదీని ఇంగ్లండునందలి హెర్ట్‌ఫర్డుషైరులో స్టీవెనేజి అను చిన్న యూరి సభామందిరము జనులతో క్రిక్కిఱిసి యుండెను. లండను నుండి నగర గ్రామ నిర్మాణ మంత్రి లూయిస్ సిల్కిన్ వచ్చి, ఆ యూరి చుట్టునున్న పొలములలో అఱువది వేలమందికి సరిపడు క్రొత్త పట్టణమును కట్టింప దలచినామని ప్రకటించెను. ఆనాటి కా యూరి జనసంఖ్య ఇంచుమించు ఆఱు వేలు. సభలోనివారు గేలి చేసిరి. మంత్రి వెనుదీయక, గేలి చేసిన ప్రయోజనము లేదనియు, ఈ పని జరిగియే తీరుననియు బదులు చెప్పెను. ఆయన తిరిగి పోవునప్పటికి కారు చక్రములలో గాలి లేదు; పెట్రోలు తొట్టిలో ఇసుక పడియుండెనని చెప్పుదురు. ఆ డిసెంబరులో కొందఱు రైలుస్టేషను పలకమీద ఊరి పేరునకు మాఱుగా రష్యనుల ఫక్కిని ‘సిల్కిన్‌గ్రాడ్’ అని పెట్టిరి.

ఇది వట్టి వినోదకథ కాదు. మంత్రి ఆ మాట పలికిన నాటికి దాని కాధారము కాదగిన నూతన పట్టణముల చట్టమే పుట్టలేదు. అది ఆగస్టు 1వ తేదీని గాని రాజామోదము పొందలేదు. చట్టము ప్రకారము మంత్రి ముందుగా స్థానిక సంస్థలను సంప్రదింపవలెను. చిత్తు ఉత్తరువును ప్రకటింపవలెను. ఆక్షేపణలు వచ్చినచో బహిరంగ విచారణ జరిపింపవలెను. ఆ పిమ్మటనే నిర్ణయింపవలెను. నిర్ణయము మేలోనే నోట వెలువడినప్పుడు, అక్టోబరులో జరిగిన విచారణము దేనికొఱకు? స్టీవెనేజివారు అడిగిన ప్రశ్న ఇదియే.

మంత్రి పక్షమునను బలమైన న్యాయము గలదు. యుద్ధమున లండనుమీద బాంబులు కురిసి లెక్కలేనన్ని యిండ్లు కూలినవి. మిగిలిన యిండ్లలో ఒక్కొక్క గదిలో ఒక్కొక్క సంసారము తల దాచుకొనుచుండెను. మహానగరము లిట్లు అదుపు లేక పెరుగుట కూడదని బార్లో సంఘము 1940లోనే నివేదించియుండెను. 1944లో పాట్రిక్ అబర్‌క్రాంబీ లండను చుట్టును పచ్చని మేఖల నొకదానిని విడిచి, దాని కావల క్రొత్త పట్టణములు కట్టవలెనని ప్రణాళిక వ్రాసెను. ఆయన సూచించిన స్థలములలో స్టీవెనేజి యొకటి. ఇల్లు లేనివానికి ఇల్లు కావలెననుటలో ఎవరికి అభ్యంతరముండును?

ఆక్షేపించినవారిని స్వార్థపరులని త్రోసివేయుటయు తగదు. తరతరములుగా దున్నుకొన్న పొలము, చేజేత కట్టుకొన్న యిల్లు నిర్బంధముగా ప్రభుత్వపరమగునని విన్నవాడు ఊరకుండునా? ఆ యూరి ప్రక్కనున్న రూక్స్‌నెస్టు అను ఇంట ఇ. ఎమ్. ఫార్‌స్టర్ తన బాల్యమును గడపెను. ఆయన 1910లో ప్రచురించిన ‘హోవర్డ్స్ ఎండ్’ నవలలోని యింటికి ఆ యిల్లే మూలము. 1946లో ఆయన రేడియోలో ప్రసంగించుచు, జనులకు ఇండ్లు కావలెనని ఒప్పుకొనియు, తిరిగి రానిదేదో నశించుచున్నదను బాధను మాత్రము విడువలేకున్నానని చెప్పెను. ఇరుప్రక్కల నొప్పిని ఎఱిగినవాని మాట యిది. ఆ రోజులలో అట్టి మాటలు తక్కువ.

విచారణాధికారి ఆక్షేపణలు విని నివేదిక వ్రాసెను. నవంబరు 11వ తేదీని మంత్రి ఉత్తరువును స్థిరపఱచెను. ఆ చట్టము క్రింద వెలసిన తొలి పట్టణము స్టీవెనేజియే. ఊరివారు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. 1947 ఫిబ్రవరిలో హైకోర్టు, మంత్రి నిష్పక్షపాతమైన మనస్సుతో ఆలోచింపలేదని ఉత్తరువును కొట్టివేసెను. మార్చిలో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రిప్పివేసెను. జూలైలో ప్రభువుల సభ మంత్రి పక్షమునే నిలిచెను. మంత్రి న్యాయాధిపతి కాడనియు, ఆయనది కేవలము పరిపాలనా కార్యమనియు, నివేదికను ఆక్షేపణలను నిజముగా పరిశీలించినచో చాలుననియు, పక్షపాతమను మాట అట్టి కార్యమునకు అతుకదనియు ప్రభువుల యభిప్రాయము.

ఈ తీర్పును నే నంగీకరింపజాలను. మంత్రికి ఒక విధానముండుట దోషము కాదు; విధానము లేని మంత్రి యెందులకు? కాని వినుట యనగా మనస్సు మాఱుటకు కొంచెమైనను చోటుంచుట. ఆ చోటు లేనప్పుడు విచారణసభ పెండ్లి యైన పిదప జాతకములు చూచినట్లుండును. పట్టణనిర్మాణమును ఒప్పగించిన సంఘములోని సభ్యులను సైతము మంత్రియే నియమించెను గాని ఊరివారు ఎన్నుకొనలేదు. స్థానిక సంస్థకు మిగిలినది సంప్రదింపబడు గౌరవము మాత్రమే.

ఈ తగవు మన కృష్ణాజిల్లాలో మఱియొక రూపమున తల యెత్తినది. అచ్చటి బస్సులను ప్రభుత్వ సంస్థ చేపట్టబోగా, ప్రైవేటు బస్సుల యజమానులు ఆక్షేపించిరి. వారి వాదమును విన్నది రవాణాశాఖ కార్యదర్శి; నిర్ణయించినది ముఖ్యమంత్రి. 1958లో గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసున సుప్రీముకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. అధికసంఖ్యాకుల తీర్పు వ్రాసినవారు కోకా సుబ్బారావుగారు. ఒకరు విని వేఱొకరు నిర్ణయించినచో వినుట వట్టి తంతుగా మిగులునని వారి తాత్పర్యము. లండను ప్రభువులు పరిపాలన యన్న దానినే పోలిన పనిని మనవారు న్యాయనిర్ణయమును బోలినదిగా నెంచిరి. బస్సులకు లభించిన ఈ రక్షణము పొలములకు అంత తేలికగా లభింపలేదు. 1894 నాటి భూసేకరణ చట్టములో ఆక్షేపణలు వినవలెనను నిబంధనము 1923లో గాని చేరలేదు. చేరిన పిదపను విన్నది కలెక్టరు, నిర్ణయించినది ప్రభుత్వము. గ్రామసభ ప్రసక్తి 2013 నాటి చట్టముతో వచ్చినది. షామియానా వేసి, సంతకముల పుస్తకము నింపి, మధ్యాహ్నమునకు ముగించు సభలను ఎఱిగిన చదువరులకు, ఆ ప్రసక్తికి ఆచరణమునకు నడుమ నెంత దూరముండునో చెప్పనక్కఱలేదు.

స్టీవెనేజి పట్టణము వెలసెను. 1959లో ఎలిజబెత్తు రాణి దాని నడిబజారును ప్రారంభించెను. బండ్లు చొరరాక కాలినడకవారికే విడిచిన ఆ బజారును చూచుటకు దూరదేశముల నుండియు నిర్మాణజ్ఞులు వచ్చిరి. లండను ఇరుకుగదులలో పెరిగిన పిల్లలకు అచ్చట తోటగల యిండ్లు దొరకినవి. గేలి చేసినవారి మనుమలును ఆ యిండ్లలో కాపురముండి యుందురు. 1960–70 నడుమ జనసంఖ్య అఱువది వేలు దాటెను. 2021 నాటి జనాభా లెక్కలలో అది ఎనుబది తొమ్మిది వేలకు పైగా నున్నది. ఊరికి ఉత్తరమున రూక్స్‌నెస్టు ఇల్లు ఇంకను నిలిచియున్నది. దాని వెనుక పొలములను అచ్చటివారు ఫార్‌స్టర్ సీమ యని పిలుచుకొందురు. ఆ పొలములలో ఇండ్లు కట్టవచ్చునా కూడదా యను తగవు మా కాలమునను మరల తల యెత్తినది.