పందులు విప్పిన చిక్కుముడి

1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు దానికి కారణమేమిటో తెలుసనే చాలామంది వైద్యులు అనుకున్నారు. 1892లోనే జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఫైఫర్ రోగుల కఫంలో ఓ సన్నని బ్యాక్టీరియాను చూసి, ఫ్లూ తెచ్చేది ఇదేనని ప్రకటించాడు. తీరా శవపరీక్షలు చేస్తే, అది కొందరి ఊపిరితిత్తుల్లో ఉంది, కొందరిలో లేదు. న్యూమోకోకస్, స్ట్రెప్టోకోకస్ అనే వేరే బ్యాక్టీరియాలు మాత్రం విరివిగా కనిపించాయి.

ఆ 1918లోనే అమెరికాలోని అయోవా పందులకూ ఫ్లూలాంటి జబ్బు సోకింది. అయోవాలోనే పుట్టిన రిచర్డ్ షోప్ తర్వాత ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెల్లర్ ప్రయోగశాలలో దాని గుట్టు తేల్చడానికి పూనుకున్నాడు. జబ్బు పందుల్లో ఫైఫర్ బ్యాక్టీరియాకు దగ్గరి బంధువు దొరికింది. దాన్ని ఆరోగ్యంగా ఉన్న పందుల ముక్కుల్లో వేస్తే ఏమీ కాలేదు. జబ్బు ఊపిరితిత్తుల ద్రవాన్ని బ్యాక్టీరియా దాటలేని ఫిల్టర్‌తో వడకట్టి, అంటే వైరస్ మాత్రమే మిగిలేలా చేసి వేస్తే, పందులు కొద్దిగా నలతపడి తేరుకున్నాయి. రెండూ కలిపి వేశాక, పశువుల పాకల్లో చూసిన తీవ్రమైన జబ్బే వచ్చింది. వైరస్సా, బ్యాక్టీరియానా అన్న ప్రశ్నకు జవాబు రెండూ అని తేలింది.

1931లో షోప్ ఈ ఫలితాలు ప్రచురించాడు. రెండేళ్లకే లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా ఫెరెట్‌లనే జంతువుల సాయంతో మనుషుల ఫ్లూ వైరస్‌ను పట్టుకున్నారు.

వైరస్, బ్యాక్టీరియాల జోడీ ఎలా పనిచేస్తుందో తేలడానికి మరెన్నో దశాబ్దాలు పట్టింది. 2000 తర్వాత మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో జొనాథన్ మెక్‌కల్లర్స్ ఎలుకలకు ముందు ఫ్లూ సోకించి, వారం తర్వాత న్యూమోకోకస్ ఇచ్చాడు. విడివిడిగా ప్రాణం తీయని మోతాదులే, ఒకదాని తర్వాత ఒకటి వచ్చేసరికి ఎలుకలను చంపేశాయి. వైరస్‌లోని న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్ శ్వాసనాళ కణాల మీది చక్కెరలను కత్తిరించి, బ్యాక్టీరియా అంటుకునే చోట్లను బయటపెడుతుంది. మురికిని బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. ఊపిరితిత్తుల్లో క్రిములను మింగే కణాలూ మందగిస్తాయి.

2008లో పరిశోధకుడు టాబెన్‌బర్గర్ బృందం 1918 మృతుల్లో 58 మంది ఊపిరితిత్తుల నమూనాలను మళ్లీ పరిశీలించింది. దాదాపు అన్నింటిలోనూ బ్యాక్టీరియా న్యుమోనియా ఆనవాళ్లున్నాయి.

ఫ్లూ తగ్గిందనుకున్నాక జ్వరం తిరగబెట్టి ఆయాసం వస్తే డాక్టర్లు తేలిగ్గా తీసుకోనిది ఇందుకే. వైరస్‌ను ఏమీ చేయలేని యాంటీబయాటిక్ అప్పుడు ప్రాణం నిలపవచ్చు. ఫ్లూ టీకా అడ్డుకునేది ఒక్క ఫ్లూనే కాదు, దాని వెనకాలే వచ్చే న్యుమోనియా ముప్పును కూడా.