తలుపు తట్టేవాళ్ళం

మేం ఇటు వచ్చింది నీళ్ళ కోసమర్రా. తుంగభద్ర డ్యాము 1953లో లేచింది. ఎడమ కాలవ సింధనూరు, మాన్వి పొలాల మీదుగా రాయచూరు వైపు తవ్వుకుంటూ వచ్చారు. కృష్ణా జిల్లాలో ఎకరం అమ్ముకుంటే ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు నల్లరేగడి వచ్చేది. మా నాన్న సామానూ పిల్లల్నీ లారీలో వేసుకుని వచ్చేశాడు. అప్పటికి నాకు పదేళ్ళు కూడా లేవు. ఈ నేల 1948 దాకా నిజాముది, 1956లో మైసూరు రాష్ట్రంలో, అంటే ఇప్పటి కర్ణాటకలో, కలిసింది. ఊళ్ళో కన్నడం, సంతలో ఉర్దూ, మా పాకల్లో తెలుగు. ఊరి బయట పాకలు వేసుకుని దాన్ని క్యాంపు అన్నాం. మేడలు లేచిన తర్వాత కూడా ఆ పేరు పోలేదు.

మగపిల్లలు లేవకండి. ఆడవాళ్ళ ముచ్చటేలే అని వెళ్ళిపోతారేమో, పెళ్ళాల్ని కొట్టింది మీ తాతల తరమే. కూచుని వినండి.

పాకలకి మధ్య తడికే అడ్డం. పక్కింట్లో పసిబిడ్డ దగ్గితే ఇటు తెలిసేది. అలాంటి చోట ఒక ఆడమనిషిని కొడుతుంటే వినపడని చెవంటూ లేదు. అయినా ఎవరూ లేచేవారు కాదు. మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని లాంతరు వత్తి తగ్గించి పడుకునేవారు. తెల్లారి ఆ పిల్ల కొంగు చెంప మీదకి లాక్కుని నీళ్ళకొస్తే, పెద్దముత్తైదువలు చుట్టూ చేరి “సర్దుకుపోవాలమ్మా, మగాడి కోపం ఎంతసేపు” అనేవారు. ఆ దెబ్బల్లో సగం ఈ మాటే కొట్టిందంటాను నేను.

పోనీ పుట్టింటికి పోదామా అంటే, అది ఎక్కడ? సొంత ఊళ్ళో అయితే అన్నదమ్ములు నాలుగు వీధుల అవతల ఉండేవారు, రాత్రికి రాత్రి వచ్చి కూచునేవారు. ఇక్కడికి వలసొచ్చాక బస్సెక్కాలి, గుంతకల్లులో రైలెక్కాలి, చంకలో బిడ్డ, కొంగున చార్జీకి డబ్బులుండవు. ఉత్తరం రాయిద్దామంటే రాసిపెట్టేది మరిది. మరిది చేత ఏం రాయిస్తుంది, మీ అన్న కొడుతున్నాడని రాయమంటుందా? “ఇక్కడ అందరం క్షేమం” అనే వెళ్ళేవి ఆ కార్డులన్నీ. నీళ్ళొచ్చి పంటలు పండాయని అందరూ చెబుతారు. ఆడపిల్లకి పుట్టిల్లు ఎంత దూరమైపోయిందో ఎవరూ చెప్పరు.

నా పెళ్ళయ్యాక మా ఇంటికి ఎడం పక్క పాకలోకి కొత్తకోడలొచ్చింది. పేరెందుకులే, ఆవిడ మనవలు మీతో ఆడుకుంటున్నారు. కట్నంలో ఇస్తామన్న అరెకరం ఇవ్వలేదని మొగుడు కొట్టడం మొదలు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చిందట. క్యాంపులో మాకెవరూ చెప్పలేదు, చెప్పినా నవ్వేవారు. వరి పండిన కొద్దీ కట్నం కూడా పెరిగింది. ఒకరోజు పొద్దుపోయాక ఆ పిల్ల అరుపు విని మా అత్తగారు లేచింది. ఆవిడ గడుసు మనిషి, పోట్లాట రాదు. గిన్నె ఒకటి తీసుకుని వెళ్ళి తలుపు తట్టింది. “మజ్జిగ తోడుంటే కాస్త పెట్టమ్మా, పాలు అలాగే ఉండిపోయాయి” అంది. లోపల చప్పుడు ఆగిపోయింది. వాడే తలుపు తీశాడు, “రండి పిన్నిగారూ” అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో చూడండి!

ఇంటికొచ్చి అత్తగారు నాతో ఏమందంటే, “వాడు ఒళ్ళు తెలియక కొడుతున్నాడనుకున్నానే. గిన్నె చూడగానే ఒళ్ళు తెలిసింది.” అంతే ఆవిడ అన్నది. నేను దాన్ని ఇన్నేళ్ళూ తిప్పి తిప్పి చూస్తూనే ఉన్నా. కోపం ఆపుకోలేకపోయాడంటారే, పొలం యజమాని తిట్టినప్పుడు ఎలా ఆపుకుంటాడు? బ్యాంకులో గుమస్తా మీదకి చెయ్యెందుకు లేవదు?

అప్పట్నుంచి అదే పట్టుకున్నాం. ఒకరు అగ్గిపెట్టె, ఒకరు కిరసనాయిలు, ఒకరు చంటిబిడ్డకి వాము. ఇద్దరు వెళ్ళేవాళ్ళం, తర్వాత ముగ్గురం. పొలంలో నాట్లకొచ్చే కన్నడ ఆడవాళ్ళకి చెబితే వాళ్ళూ తమ ఊళ్ళో మొదలుపెట్టారు. తర్వాతెప్పుడో 2008లో టీవీలో ప్రకటనొచ్చింది, ‘బెల్ బజావో’ అని. పక్కింట్లో కొడుతుంటే ఒకాయన వెళ్ళి బెల్లు కొట్టి పాలడుగుతాడు. నేను పక్కున నవ్వాను. మాది మజ్జిగ తోడు, వాళ్ళది పాలు. అయితే అందులో మగాడు వెళ్ళి తట్టాడు, అది నాకు నచ్చింది. మా క్యాంపులో ఒక్క మగాడు కదలలేదు.

ఇక సారా సంగతి. ఇక్కడ కొట్టె సారాయి అనేవారు, ప్లాస్టిక్ సంచుల్లో అమ్మేవారు. కూలి డబ్బు చేతికి రాకముందే కొట్టుకి పోయేది. 1992లో మన నెల్లూరు వైపు నుంచి చుట్టాలొచ్చి దూబగుంట కథ చెప్పారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు, సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు ఒకటి నుంచి ఆంధ్రలో సారా బందు. 1995లో ఎన్టీ రామారావు పూర్తి నిషేధం పెట్టాడు, 1997లో చంద్రబాబు తీసేశాడు. మా క్యాంపులో అందరి నోటా అదే కథ. అప్పటికే సర్కారు పథకం మహిళా సమాఖ్య వాళ్ళు ఈ వైపు ఊళ్ళలో సంఘాలు పెడుతున్నారు, వాళ్ళ కూటాల్లో కూడా ఇదే మాట.

కర్ణాటకలో సారాయి 2007 జూలై ఒకటిన బందయింది. కొట్లు మూసిన రోజు మేం పసుపు కుంకుమలు పంచుకున్నాం. ఆ ఏడు దెబ్బలు తగ్గాయి, కాదనను, కూలి డబ్బు బియ్యానికి వచ్చింది. తర్వాత సీసాలొచ్చాయి, కిరాణా కొట్టు వెనక అమ్మకాలొచ్చాయి. అందుకే కదా 2019 జనవరిలో మన రాయచూరు వైపు ఆడవాళ్ళు, ఇంకా ఎన్నో జిల్లాల వాళ్ళు, వేలమంది చిత్రదుర్గం నుంచి బెంగళూరు దాకా రెండొందల కిలోమీటర్లు నడిచింది. వాళ్ళడిగిన మద్య నిషేధం మాత్రం రాలేదు. సర్కారుకి మద్యం మీద వచ్చే రాబడి ఎంతో మీరే లెక్కేయండి.

కానీ ఒకటి చెబుతాను, మనసులో పెట్టుకోండి. మా క్యాంపులో అందరికన్నా ఎక్కువ కొట్టినవాడు సారా ముట్టనివాడు. ఏటా భజనలకి ముందు కూచునేవాడు. తాగినవాడు తాగుడు మీదకి తోసేస్తాడు, ఇతనికి ఆ సాకు కూడా అక్కర్లేదు, కూర చల్లారిందంటే చాలు. అందుకని సారా పోతే అన్నీ పోతాయని ఎవరైనా అంటే నేను నమ్మను. సారా పోవాలి, అది వేరే సంగతి.

మొన్న మనవరాలు సర్వే లెక్క చదివి వినిపించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, కర్ణాటకలో పెళ్ళయిన ఆడవాళ్ళలో మొగుడి చేతి దెబ్బలో బాధో పడ్డామన్నవాళ్ళు 2015–16లో నూటికి ఇరవై ఒకటి, 2019–20లో నూటికి నలభై నాలుగు. దేశంలోనే అందరికన్నా ఎక్కువట. నాలుగేళ్ళలో మగాళ్ళందరూ అంత రాక్షసులైపోయారా, లేక ఆడవాళ్ళు దాచడం మానేశారా? రెండూ ఉండొచ్చు. నా పెళ్ళికి ముందు ఎవరైనా కాగితం పట్టుకొచ్చి నిన్నెవరైనా కొట్టారా అని మా అమ్మనడిగి ఉంటే, వాళ్ళని కూచోబెట్టి కాఫీ ఇచ్చి, లేదనే చెప్పేది.

   

చట్టాలు ఇప్పుడు మా కాలంలోలా లేవు. 1983లో మొగుడి హింసకి శిక్ష వేసే 498ఏ సెక్షను వచ్చింది, 2024 దాకా ఆ అంకెతోనే ఉంది. మొగుణ్ణి జైలుకి పంపితే తిండెవరు పెడతారని చాలామంది ఠాణా మెట్లెక్కలేదు. గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చింది. అది వేరే దారి. ఇల్లు ఎవరి పేరు మీదున్నా, కాపురమున్న ఇంట్లోంచి కోర్టు చెప్పకుండా ఆవిణ్ణి గెంటడానికి లేదు. కొట్టొద్దని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తాడు, అది మీరితే అప్పుడు జైలు. కర్ణాటకలో అంగన్‌వాడీల పైన ఉండే సీడీపీవోనే ఆ చట్టం కింద రక్షణాధికారి. అంగన్‌వాడీ టీచరుకి చెబితే దారి దొరుకుతుంది. 181కి ఫోను చెయ్యొచ్చు, ప్రాణం మీదకొస్తే 112. నేను చదువు రాని దాన్నే, ఈ రెండు నంబర్లు మాత్రం మా సంఘం గోడ మీద పెద్దగా రాయించాం. ఒకాయన వచ్చి గోడ పాడు చేశారన్నాడు. ఆయనింట్లోనే ముందు అవసరం పడింది.

ఆ ఎడం పక్క పాక కోడలు ఏమైందంటారా? మొగుడు పోయేదాకా కాపురం చేసింది. కొట్టడం మాత్రం ఎప్పుడో మానాడు, సంసారం ఏమంత తీయగా లేదు. “చప్పుడు మీకు వినపడుతోందని తెలిశాక నాకు భయం తగ్గిందక్కా” అంది ఒకసారి. మా అత్తగారు పోయినప్పుడు పదిరోజులూ మా ఇంట్లో వంట ఆవిడే చేసింది.

మన క్యాంపులో ఇప్పటికీ రెండిళ్ళున్నాయి. ఏ ఇళ్ళో నన్నడగొద్దు, మీకందరికీ తెలుసు. ఇప్పుడు తడికెలు లేవు, సిమెంటు గోడలు, పైన ఏసీ మోత, చప్పుడు బయటికి రాదు. ఒరేయ్ చిన్నోడా, పొద్దున్నే ఆ వీధికి పాలు పోసేది నువ్వేగా. క్యాను గుమ్మంలో పెట్టి పారిపోకు. ఇంటావిణ్ణి పిలిచి, ఎలా ఉన్నారు అత్తా అని అడిగి, ఆవిడ జవాబు చెప్పేదాకా నిలబడు. ఆయన బయటికొస్తే ఆయన్నీ పలకరించు.