ఈగలబోను మొక్క – రెండున్నర శతాబ్దాల ఉపచారాలు

రాలీ నగరానికి వచ్చిన తొలి ఏడాది, సెప్టెంబరు నెలలో, ఒక అంగడిలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్ముతున్న వీనస్ ఫ్లైట్రాప్ మొక్కను కొన్నాను. మా అమ్మాయికప్పుడు ఆరేళ్ళు. క్రిస్మస్ నాటికి ఆ మొక్క చచ్చిపోయింది. దానికి నేను చేసిన అపకారమేమిటా అని వెనుదిరిగి చూసుకుంటే ఒక్కటీ కనిపించలేదు, చేసినవన్నీ ఉపచారాలే. ఇరుకు డబ్బాలోంచి తీసి సారవంతమైన మట్టి నింపిన కుండీలోకి మార్చాను. వారానికొకసారి ఎరువు కలిపిన నీళ్ళిచ్చాను. తక్కిన రోజుల్లో కుళాయినీరు. ఈగలు దొరకని నాడు మా అమ్మాయి ఉడికించిన కోడిగుడ్డు ముక్కలను ఆకుల నోళ్ళలో పెట్టేది. ఇంటికి వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆ నోళ్ళు మూసుకోవడం చూపించేది. చలి మొదలవగానే కుండీని తెచ్చి హీటరు పక్కన పెట్టాము. ఆకులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి.

ఆ తరువాతగాని నాకు తెలియలేదు, ఆ మొక్క పుట్టినిల్లు మా యింటికి కారులో రెండు గంటల దూరమేనని. భూగోళం మొత్తమ్మీద ఈ మొక్క సహజంగా పెరిగేది విల్మింగ్టన్ పట్టణం చుట్టూ 100 మైళ్ళ లోపల, ఉత్తర, దక్షిణ కరొలైనాల తీరమైదానంలో మాత్రమే. దాని చరిత్ర చదవబోతే ఇంకొక సంగతి బోధపడింది. నేను చేసిన పొరపాట్లు నావి మాత్రమే కావు. ఈ మొక్క ఏమి కోరుకుంటుందో తెలుసుకోవడానికి మహామహులకే శతాబ్దానికి పైగా పట్టింది.

*

ఈ మొక్కను గురించి మనకు దొరుకుతున్న మొదటి లిఖిత ప్రస్తావన 1759 ఏప్రిల్ 2వ తేదీది. రాసినవాడు ఆర్థర్ డాబ్స్. ఐర్లండునుంచి వచ్చి ఉత్తర కరొలైనాకు గవర్నరుగా పనిచేస్తున్న డెబ్బయ్యేళ్ళ వృద్ధుడు. లండనులో పీటర్ కాలిన్‌సన్ అనే వర్తకుడుండేవాడు. అమెరికా మొక్కలంటే ఆయనకు ప్రాణం. డాబ్స్ ఆయనకు రాసిన ఉత్తరంలో, ఈగ వాలగానే ఉచ్చులా మూసుకునే ఒక మొక్కను వర్ణించాడు. మరుసటి ఏడు రాసిన ఉత్తరంలో దానికి ‘ఫ్లై ట్రాప్’ అన్న మాట వాడాడు. తాకితే ముడుచుకునే మన అత్తిపత్తి కోవలోని మొక్కగానే ఆనాటివారు దీనిని భావించారు.

కాలిన్‌సన్ ఈ వింతమొక్క కోసం ఏళ్ళ తరబడి తహతహలాడాడు. అట్లాంటిక్ మహాసముద్రం దాటించి ఒక లేతమొక్కను ప్రాణంతో చేర్చడం ఆ రోజుల్లో సామాన్యమైన పని కాదు. వారాల ప్రయాణం, ఉప్పుగాలి, ఓడలో మంచినీటి కరువు. దారిలో బతికిన మొక్కలకన్నా చచ్చినవే ఎక్కువ. డాబ్స్ 1765లో గతించాడు. చివరకు 1768లో విలియమ్ యంగ్ అనే వృక్షసేకర్త ప్రాణమున్న మొక్కలను ఇంగ్లండుకు చేర్చాడు. కాలిన్‌సన్ ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. సెప్టెంబరు 1వ తేదీన ఒక లండను పత్రికలో జాన్ ఎల్లిస్ ఈ మొక్కను లోకానికి పరిచయం చేశాడు.

ఎల్లిస్ నారబట్టల వ్యాపారి, ప్రకృతిశాస్త్రజ్ఞుడు. ఈ మొక్కకు ‘డయొనియా మసిపులా’ అని శాస్త్రీయ నామమిచ్చినవాడు ఆయనే. మొదటి పదానికి డయొనీ కుమార్తె, అనగా సౌందర్యదేవత అని అర్థం. రెండవది లాటిన్‌లో నిజానికి ఎలుకలబోను! ఈగలబోను అనబోయి ఎలుకలబోను అన్నాడేమోనని పండితులు ఇప్పటికీ చమత్కరిస్తుంటారు. 1770లో ఎల్లిస్ ఒక చిన్న పుస్తకం వేశాడు. దూరదేశాలనుంచి విత్తనాలనూ మొక్కలనూ చావకుండా ఓడల్లో తెచ్చుకోవడమెలాగో చెప్పే పుస్తకమది. ఈగలబోను బొమ్మనూ వర్ణననూ దానికే అనుబంధంగా చేర్చాడు. ఈ మొక్క చరిత్రా, మొక్కలను బతికించుకునే విద్యా మొదటినుంచీ ఒకే అట్టల మధ్య ఉన్నాయన్నమాట.

ఆకు మధ్యనుండే మూడేసి సన్నని వెంట్రుకలు పురుగును పొడిచి చంపే ముళ్ళని ఎల్లిస్ పొరబడ్డాడు. కాని అంతకన్న పెద్ద విషయంలో ఆయన ఊహ నిజానికి చేరువగా వచ్చింది: పురుగును పట్టడం మొక్క తన పోషణ కోసమే కావచ్చునని ఆయన స్వీడనులోని లిన్నేయస్‌కు రాశాడు. లిన్నేయస్ మొక్కను చూసి అబ్బురపడ్డాడు, ఊహను మాత్రం ఒప్పుకోలేదు. అత్తిపత్తి ముడుచుకున్నట్టే ఇదీ ముడుచుకుంటుందనీ, పురుగు కదలడం మానగానే ఆకు విచ్చుకుని వదిలేస్తుందనీ ఆయన మతం. మొక్క జంతువును తినడం సృష్టిక్రమానికి విరుద్ధం కదా! ఆ మహాపండితుని మాట దశాబ్దాలపాటు చెల్లింది.

*

దీనిని సరిదిద్దినవాడు మొక్క పుట్టినచోటనే నివసించి, నేలమీద కూర్చుని చూసినవాడు. విల్మింగ్టన్ పరిసరాల మొక్కల పట్టికను 1834లో ప్రచురించిన మోజెస్ ఆష్లీ కర్టిస్, తాకిడిని గుర్తించేవి ఆకులోని ఆ కొద్ది వెంట్రుకలు మాత్రమేననీ, చిక్కిన పురుగు చుట్టూ దాన్ని కరిగించే జిగట ద్రవం ఊరుతున్నదనీ చెప్పాడు. అంతకు ముందే లండనులో నైట్ అనే నర్సరీ యజమాని ఆకులకు పచ్చిమాంసపు పోగులు అందించి, మొక్క మరింత ఏపుగా ఎదిగిందని చెప్పినట్టు ఒక కీటకశాస్త్ర గ్రంథంలో నమోదైంది. మాంసం పెట్టి పెంచే ముచ్చటకు వయసు తక్కువేమీ కాదు.

1875లో వెలువడిన చార్లెస్ డార్విన్ గ్రంథంతో వివాదం తేలిపోయింది. కీటకాహార మొక్కల మీద ఆయన చేసిన ప్రయోగాల సంపుటి అది. ఆకులో మాంసమో, గుడ్డు తెల్లసొన ముక్కో పెట్టాడు; పోషకమేమీలేని వస్తువులూ పెట్టాడు. ఉత్తిదే అయితే ఆకు త్వరలోనే తెరుచుకుంది. మాంసకృత్తులుంటే బిగిసి, రసం ఊర్చి, రోజుల తరబడి జీర్ణించుకుంది. మా అమ్మాయి కోడిగుడ్డుకు ఇంత గొప్ప పూర్వాచారముందని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది! కాని అదే గ్రంథంలో న్యూజెర్సీ పరిశోధకురాలు మేరీ ట్రీట్ పంపిన పరిశీలనలు ఉన్నాయి. వరుసగా మూడేసి ఈగలను పట్టిన ఆకుల్లో చాలావరకు మూడవదాన్ని అరిగించుకోలేక చచ్చాయట. నాలుగవదాన్ని పట్టిన ఐదాకులూ ఆ వెంటనే నశించాయట. మా వంటింటి కిటికీలో జరిగింది సరిగ్గా ఇదే.

డార్విన్ ప్రోద్బలంతోనే బర్డన్ శాండర్సన్ 1873లో ఈ ఆకులో విద్యుత్ స్పందనను కొలిచాడు. జంతువుల కండరాల్లో కనిపించే స్పందన మొక్కలో కనిపించడం అదే తొలిసారి. ఇందులో మన దేశానికి సంబంధించిన కొసమెరుపొకటుంది. 1901లో జగదీశ్ చంద్ర బోస్ అన్ని మొక్కలలోనూ అటువంటి స్పందన ఉందని లండను రాయల్ సొసైటీలో నిరూపించబోగా, సాధారణ మొక్కల్లో అది అసంభవమని అడ్డుపడినవాడు ఈ శాండర్సన్ గారే. సాధారణ మొక్కల్లోనూ విద్యుత్ సంకేతాలున్నాయని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు.

ఆ వెంట్రుకను ఒక్కసారి తాకితే బోను కదలదు. ఇరవై సెకండ్లలోపల రెండవ స్పర్శ అందితేనే, సెకండులో పదోవంతు కాలంలో మూసుకుంటుంది. లోపల పురుగు పెనుగులాడి ఐదారు తాకిడులు అందాకగాని జీర్ణరసాల తయారీ జోరందుకోదని 2016లో జర్మన్ శాస్త్రజ్ఞులు చూపారు. మొక్క లెక్కపెడుతుంది. ఎందుకంత పొదుపు? మూసుకోవడం దానికి ఖరీదైన పని. ఒక్కొక్క ఆకు తన జీవితంలో కొన్నిసార్లు మాత్రమే మూసుకోగలదు. వేడుక కోసం వేలు పెట్టినప్పుడల్లా ఆ కొద్దిపాటి ధనంలోంచి మనం దోచుకుంటున్నాము.

*

ఇక పెంపకం సంగతి. దాని పుట్టినిల్లు తెలిస్తే నియమాలన్నీ వాటంతటవే బోధపడతాయి. పొడుగాకు దేవదారు చెట్ల మధ్య ఇసుకా, పీటూ కలిసిన తడినేల అది. పుల్లనేల, నత్రజని బహుస్వల్పం. ఆ కొరత తీర్చుకోవడానికే పురుగులు. ఆకలి తీర్చేది ఎండే. కనుక కుండీలో ఎరువులేని పీటూ ఇసుకా ఉండాలి. ఆ నేలకు అందేది వానలే. కుళాయినీటిలోని లవణాలు వేళ్ళ చుట్టూ పేరుకుని చంపుతాయి. వాననీరో, డిస్టిల్డు వాటరో పళ్ళెంలో నిలవ ఉంచాలి. రోజుకు కొన్ని గంటలైనా నేరుగా ఎండ కావాలి. ఆరుబయట ఉంటే పురుగులను అదే పట్టుకుంటుంది, అవి కూడా ఎక్కువగా చీమలూ సాలెపురుగులే. శీతకాలం మూడు నాలుగు నెలలు చల్లనిచోట నిద్రపోనివ్వాలి. అప్పుడు ఆకులు నల్లబడితే భయపడనక్కరలేదు, దుంప బతికే ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కొన్నవారికి కష్టమయ్యేది ఈ చలి నియమమే.

ఆ పుట్టినింటికి నిప్పు కూడా కావాలి. మెరుపులవల్ల అప్పుడప్పుడు చెలరేగే మంటలు పొదలను కాల్చి, ఈ పొట్టిమొక్కకు ఎండ దక్కనిచ్చేవి. ఇరవయ్యో శతాబ్దిలో మంటలను ఆర్పుతూ వచ్చాము. అడవి దట్టమై ఇది నీడలో కృశించింది. కాపాడబోయి చంపడం ఇక్కడ కూడా జరిగింది. ఇప్పుడు గ్రీన్ స్వాంప్ వంటి రక్షితస్థలాల్లో పనిగట్టుకుని మంట పెడుతున్నారు. దొంగలు తవ్వి అమ్ముకోవడం మరొక బాధ. 2014 డిసెంబరునుంచి ఉత్తర కరొలైనాలో అది తీవ్రనేరం. కొనేవారు నర్సరీలో పెంచిన మొక్కేనా అని అడిగి తీసుకోవాలి.

కరొలైనా బీచ్ స్టేట్ పార్కుకు వెళ్ళి వాటిని వాటి నేలమీద చూశాను. నాణెమంత బోనులు, గడ్డి మధ్య. వాటికన్నా ఎంతో ఎత్తున కాడమీద తెల్లని పూలు. పూలకు వచ్చే పురుగులను ఈ బోనులు పట్టడం చాలా అరుదని 2018లో మా రాలీ విశ్వవిద్యాలయంవారే ప్రకటించారు.

ఇప్పుడు మా దగ్గరున్నది రెండవ మొక్క. ఇది దానికి నాలుగవ చలికాలం. కాలేజీ సెలవులకు వచ్చిన మా అమ్మాయి, బాల్కనీలో నల్లబడిన ఆకులూ, కుండీ అంచున మంచూ చూసి, “లోపల పెడదాం నాన్నా, పాపం” అంది. వద్దన్నాను. పళ్ళెంలో వాననీళ్ళున్నాయో లేవో చూసి ఇద్దరమూ లోపలికి వచ్చాము.