ఇంటి కంప్యూటరులో తెలుగు లిపి

నూజివీడు అనగానే చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి జ్ఞప్తికి వస్తవి. ఆ మామిడి తోటల సీమలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమొకటి వెలసినది. పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలను చేర్చుకొని, వారి చేతికి లాప్‌టాప్ అందించిన విద్యాలయమది. ఇటువంటి యత్నాల వలన కంప్యూటరు మన గ్రామసీమలకు చేరిన ఆ దశాబ్దంలో, దాని వెంట ఒక చిక్కు కూడ చేరినది. యంత్రం సవ్యంగానే నడుచును. ఇంగ్లీషు చక్కగా కనిపించును. తెలుగు మాత్రం ఒకచోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, ఒకచోట ఖాళీ గడులుగా, మరొకచోట విడిపోయిన ముక్కలుగా తెరపై నిలుచును. యంత్రమే చెడినదని భావించుట సహజం. కాని ఈ మూడు వికారాలకు మూడు వేర్వేరు కారణాలు కలవు.

మొదటిది సంకేతాలకు సంబంధించినది. కంప్యూటరు అక్షరాన్ని అంకెగా దాచుకొనును. తొలినాళ్లలో ఫాంటులు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన అంకెల స్థానాలలోనే తెలుగు తలకట్లను, కొమ్ములను, వత్తులను అమర్చిరి. ఎవరి అమరిక వారిది. కనుక ఒకరి ఫాంటుతో వ్రాసిన ఉత్తరం, ఆ ఫాంటు లేని ఇంట తెరువగా ఇంగ్లీషు అక్షరాల కలగాపులగమైనది. ఈ అరాచకాన్ని తొలగించుటకు 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగు లిపికి 128 స్థానాలను ప్రత్యేకించినది.

రెండవ కారణం ఫాంటు లేకపోవుట. సంకేతం సరియైనదే అయినను, దానికి తగిన అక్షరరూపం యంత్రంలో లేనియెడల గడి మాత్రమే కనిపించును. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అను తెలుగు ఫాంటు లభించినది. ‘పోతన’, ‘వేమన’ ఫాంటులు కూడ ఎందరికో అక్కరకు వచ్చినవి.

మూడవది సూక్ష్మమైనది. ‘చిన్న’ అను మాటను యూనికోడ్ అయిదు సంకేతాలుగా దాచును: చ, గుడి, న, పొల్లు, మరల న. వీటిని కూర్చి, రెండవ నకారాన్ని వత్తుగా దించు పని వేరొక సాధనానిది. అది లేనిచో గుణింతాలు స్థానం తప్పును, వత్తులు విడిపోవును. ఎక్స్‌పీలో ఈ సాధనం ఉన్నను, తెలుగు కావలసినవారు కంట్రోల్ ప్యానెల్‌లోని భాషల విభాగం తెరచి, సంక్లిష్ట లిపుల గుర్తు పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సి.డి.ని అందించి, యంత్రాన్ని తిరిగి ప్రారంభింపవలసి వచ్చెడిది. సి.డి. దొరకని ఇంట పని అంతటితో నిలిచెడిది. 2007లో గృహాలకు వచ్చిన విండోస్ విస్టాతో ఆ శ్రమ తీరినది.

కనుక చికిత్సకు ముందు వికారాన్ని గుర్తింపవలెను. ఇంగ్లీషు అక్షరాల గందరగోళమైనచో సంకేతాన్ని, గడులైనచో ఫాంటును, ముక్కలైనచో కూర్పు సాధనాన్ని పరీక్షించుట క్రమం. చెట్టు వాడినదని ఆకులకు నీరు చల్లు రైతు లేడు గదా!

ఈ కూర్పు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతటికి తెలిసినది. ‘జ్ఞా’ అను అక్షరం ఒక విధంగా కూర్చబడి వచ్చినంతనే ఐఫోన్లలో సందేశాల సాధనాలు కుప్పకూలినవి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసినది.

నేడు తెలుగు సులభంగానే కనిపించుచున్నది. కాని తొలినాళ్ల ఫాంటులతో వ్రాసిన ఉత్తరాలు, కథలు, ఊరి చరిత్రలు పాత డిస్కులలో ఇంకను మిగిలియుండవచ్చును. వాటిని యూనికోడ్‌లోనికి మార్చు ‘పద్మ’ వంటి సాధనాలను ఉత్సాహవంతులు లోగడనే రూపొందించిరి. అట్టి పత్రం మీ ఇంట కనిపించినచో, చెడిపోయినదని పారవేయకుడు. తెరపై కలగాపులగంగా తోచినది ఒక పెద్దవారి తుది వ్రాత కావచ్చును. ఏ ఫాంటుతో వ్రాసినదో గుర్తించి నేడే మార్చి దాచుకొనుట మేలు; ఆ ఫాంటు పేరెరిగినవారు తరిగిపోయిన కొలది ఆ వ్రాతను చదువుట కష్టతరమగును.